రేవు రేవున పాఠము నేర్చిన విశ్వేశ్వరయ్యగారు

సముద్రము లేని సీమలో పుట్టినవారు సముద్రమును గూర్చి తలంచుట అరుదు. మన చందాపురము నుండి ఏ దిక్కునకు పోయినను కడలి అలను కంటితో చూచుటకు దాదాపు మూడు వందల కిలోమీటర్లు ప్రయాణము చేయవలెను. మనది చెరువుల సీమ, మెట్ట సీమ, రాగి పండు సీమ. ఇట్టి సీమలోనే, ఇంట తెలుగు పలుకు ఒక బీద కుటుంబమున పుట్టి, ఆరు పర్యాయములు సముద్రములు దాటి, కాలు మోపిన ప్రతి రేవున అచ్చటి మంచిని గుర్తించి, దానిని తన నాటికి మోసికొని వచ్చిన మహనీయు డొకరు కలరు. వారే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

వీరి పేరు మన విద్యార్థులకు క్రొత్తది కాదు. సెప్టెంబరు 15వ తేదీన దేశమంతటను ఇంజనీర్ల దినోత్సవము జరుగును. బెంగళూరున బైయప్పనహళ్ళి రైలు నిలయమునకు వీరి పేరే పెట్టిరి. కస్తూరిబా రోడ్డున నున్న విజ్ఞాన ప్రదర్శనశాల వీరి పేరనే వెలసినది. కన్నంబాడి ఆనకట్టను చూచి రానివారు మనలో తక్కువ. అయినను, ఆనకట్టలు కట్టిన విశ్వేశ్వరయ్యగారిని ఎరిగినంతగా ఓడలెక్కిన విశ్వేశ్వరయ్యగారిని మన మెరుగము. ఆ భాగమును మన బాలబాలికల కొరకును, వారి తల్లిదండ్రుల కొరకును ఇచ్చట చెప్పుచున్నాను.

జననము, విద్య

విశ్వేశ్వరయ్యగారు 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన పూర్వపు మైసూరు సంస్థానమున, నందిదుర్గమునకు సమీపమునందలి ముద్దేనహళ్ళి గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. వీరి పూర్వులు ఆంధ్రదేశమున గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండమను గ్రామము నుండి వలస వచ్చినవారు. తరములు గడచినను ఆ ఊరిపేరు ఇంటిపేరుగా నిలిచినది. వచ్చిన నేలను తల్లిగా భావించి, విడిచి వచ్చిన ఊరిని పేరులో దాచుకొనుట మన తెలుగు కుటుంబములలో ఎన్నింటికో ఉన్న వాడుకయే కదా!

బాల్యముననే తండ్రి గతించిరి. కుటుంబమునకు ఆస్తిపాస్తులు లేవు. చిక్కబళ్ళాపురమున ప్రాథమిక విద్య ముగించుకొని, బాలుడు బెంగళూరునకు వచ్చి మేనమామ అండన చదువు సాగించెను. సెంట్రల్ కళాశాలలో చదువు కాలమున ఒక కొడగు కుటుంబపు పిల్లలకు పాఠములు చెప్పి, దానివలన వచ్చిన దానితో గడుపుకొనెను. 1881లో పట్టభద్రుడై, మైసూరు ప్రభుత్వము వారి విద్యార్థి వేతనముతో పూనా సైన్సు కళాశాలకు పోయి, 1883లో ఇంజనీరింగు పరీక్షలో బొంబాయి రాజధాని కంతటికిని ప్రథముడుగా ఉత్తీర్ణు డయ్యెను. ఇంట తెలుగు, ఊర కన్నడము, కళాశాలలో ఇంగ్లీషు, పూనాలో మరాఠి. ఇరువది రెండేండ్లు నిండునప్పటికే వీరు నాలుగు భాషల నడుమ మెలగిరి.

ఉద్యోగమున తొలి అడుగులు

1884లో బొంబాయి ప్రభుత్వపు మరామత్తు శాఖలో సహాయ ఇంజనీరుగా చేరిరి. నాసిక, ధూళియా, పూనా మొదలగు చోట్ల పని చేసిరి. 1894-95 సంవత్సరములలో సింధు దేశమునందలి సుక్కూరు పట్టణమునకు త్రాగునీరు సమకూర్చు పని వీరిపై బడెను. సింధునది నీరు ఒండ్రుతో చిక్కబడి యుండును. దానిని వడగట్టుటకు పెద్ద తొట్లు కట్టుటకు పురపాలక సంఘమున ధనము లేదు. విశ్వేశ్వరయ్యగారు నదీగర్భముననే బావి త్రవ్వించి, ఇసుక గుండ ఊరి వచ్చిన తేట నీటిని పైకి తోడించిరి. ఇసుకయే వడపోత గుడ్డ యైనది. ఈ సుక్కూరు ఉపాయమును విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక. ఇది తరువాత మరియొక చోట, సముద్రమునకు ఆవల, మరల మనకు కనిపించును.

పూనాకు సమీపమునందలి ఖడక్‌వాస్లా జలాశయమున 1903లో వీరు తానుగా తెరచుకొను తలుపులను అమర్చిరి. వరదనీరు ఒక మట్టమునకు వచ్చువరకు ఆ తలుపులు నీటిని ఆపును. ఆ మట్టము దాటగనే మనుష్యుడు తాకకుండగనే లేచి వరదను వదలును. వరద తగ్గగనే మరల మూసికొనును. దీనివలన కట్ట ఎత్తు పెంచకయే సుమారు 8 అడుగుల నీరు అధికముగా నిలిచెను. ఈ తలుపులు వీరికి దేశమున ఖ్యాతి తెచ్చిపెట్టెను.

జపాను యాత్ర

వీరి మొదటి విదేశయాత్ర 1898లో జరిగెను. ఆ కాలమున పండిత కుటుంబములలో సముద్రము దాటుట దోషమను భావము బలముగా నుండెను. విదేశమునకు పోయి వచ్చినవారు ప్రాయశ్చిత్తము చేసికొనిననే గాని పంక్తిభోజనమునకు రానీయని ఇండ్లు చాల నుండెను. అట్టి రోజులలో ఒక సంస్కృత పండితుని కుమారుడు స్వంత సెలవుపై, స్వంత ధనముతో, ఓడ ఎక్కుట సామాన్యమైన విషయము కాదు. మరియు, ఆనాటి చదువుకొన్నవా రందరును ఇంగ్లండు వైపు చూచుచుండగా వీరు తూర్పునకు, జపాను దేశమునకు పోయిరి.

ఇందుకు కారణము కలదు. 1868లో మెయిజీ చక్రవర్తి చేతికి రాజ్యాధికారము వచ్చిన పిమ్మట జపాను ముప్పది యేండ్లలోనే క్రొత్త దేశముగా మారినది. ఆసియా ఖండమున, మనవలె వరి పండించి, పట్టు నేసి బ్రదుకు ప్రజలే యంత్రములు, రైళ్ళు, ఓడలు స్వయముగా నిర్మించుకొనగలిగిరి. అది ఎట్లు సాధ్యమైనదో చూడవలెనని వీరి కోరిక.

అప్పటికి బొంబాయికిని జపానునకును నడుమ ఓడల రాకపోకలు క్రొత్తగా పెరుగుచుండెను. 1893లో జంషెడ్జీ టాటాగారి తోడ్పాటుతో జపానీయుల నౌకా సంఘమొకటి బొంబాయి, కోబె రేవుల నడుమ ఓడలు నడుపుట ఆరంభించెను. మన ప్రత్తి అటు పోవుటకు ఈ మార్గ మేర్పడెను. తూర్పునకు పోవు ఓడలు సామాన్యముగా కొలంబో, సింగపూరు, హాంగ్‌కాంగ్ రేవులను తాకుచు పోవును. నాటి ఆవిరి ఓడ బొగ్గు తిను ప్రాణి. కొన్ని దినములకు ఒకమారు రేవున ఆగి బొగ్గు నింపుకొనక తప్పదు. బొగ్గు ఎక్కించునంత వరకు, మంచినీరు పట్టునంత వరకు, టపా సంచులు మారునంత వరకు ప్రయాణికులు రేవున దిగి ఊరు చూచెదరు. కొందరు అంగళ్ళు చూచెదరు, కొందరు వింతలు చూచెదరు. విశ్వేశ్వరయ్యగారు ఎచ్చటికి పోయినను వివరములు వ్రాసికొనుట నియమముగా గలవారు. బడి ఎట్లున్నది, నీరు ఎచ్చటి నుండి వచ్చును, మురుగు ఎచ్చటికి పోవును, కూలివాని దినకూలి యెంత, కర్మాగారమున ఏమి తయారగును అను ప్రశ్నలే వీరికి వింతలు.

జపానున ముఖ్యమైన రేవు యొకోహామా. 1859లో విదేశ వర్తకమునకు తెరచునాటికి అది చేపలు పట్టువారి చిన్న పల్లె. విశ్వేశ్వరయ్యగారు జపానునకు పోవునాటికి నలువది యేండ్లు కూడ నిండలేదు. అయినను ఆ పల్లె మహానగరమై, జపాను పట్టు దారమంతయు ప్రపంచమునకు పోవు ద్వార మయ్యెను. 1872లోనే అచ్చట నుండి టోకియో నగరమునకు రైలు నడచెను. అదే సంవత్సరము జపాను ప్రభుత్వము ప్రతి పిల్లవాడును, ప్రతి బాలికయు బడికి పోవలెనని చట్టము చేసెను. రైలును బడియు ఒకే ఏట ఆ దేశమున అడుగుపెట్టెనన్నమాట.

విశ్వేశ్వరయ్యగారు సుమారు మూడు మాసములు జపానున నుండి కర్మాగారములను, విద్యాలయములను పరిశీలించిరి. జపాను బలము యంత్రములలో గాక బడులలో నున్నదని వారు గ్రహించిరి. చదువు రాని జనము చేత యంత్రము పెట్టినను అది నడువదు. చదువు వచ్చిన జనమునకు యంత్రము లేకున్నను తామే చేసికొందురు. పదునైదేండ్ల తరువాత మైసూరు రాజ్యమున వీరు చేసిన మొదటి పనులలో ఈ పాఠము మనకు స్పష్టముగా కనిపించును.

ఏడెను రేవు

బొంబాయి నుండి ఐరోపాకు పోవు ఓడలకు మొదటి మజిలీ అరేబియా దేశపు కొననున్న ఏడెను రేవు. ఇది బొంబాయికి సుమారు 1,650 సముద్రపు మైళ్ళ దూరమున నున్నది. ఆంగ్లేయులు 1839లో దీనిని పట్టుకొనిరి. 1869లో సూయెజు కాలువ తెరచిన తరువాత దీని ప్రాముఖ్యము పదింత లయ్యెను. కాలువ లేనినాడు లండను నుండి బొంబాయికి ఆఫ్రికా ఖండమంతయు చుట్టి రావలెను. కాలువ వచ్చిన పిమ్మట ఆ దూరము ఇంచుమించు ఐదింట రెండు వంతులు తగ్గెను. అటు నిటు పోవు ఓడలన్నియు ఏడెనున ఆగి బొగ్గు నింపుకొనవలసినదే. మరొక విశేషము: 1932 వరకు ఏడెను బొంబాయి ప్రభుత్వపు పాలనలోనే యుండెను. అందువలన అచ్చట నీటి బాధ కలిగినప్పుడు బొంబాయి ఇంజనీరును పంపవలసి వచ్చెను. 1906లో ఆ పనికై ఎన్నుకొనబడినవారు విశ్వేశ్వరయ్యగారు.

ఏడెను పాతపట్టణము చల్లారిన అగ్నిపర్వతపు గుంటలో నున్నది. చుట్టును నల్లని కొండలు, చెట్టుచేమ లేదు. వాన ఏ యేటికో ఒకమారు పడును. ప్రాచీనులు కొండలోయలో తొట్టివలె రాతి చెరువులు కట్టి ఆ వాననీటిని పట్టిరి. వాన రాని యేడు అవి యెండియే యుండును. బావుల నీరు ఉప్పన. సముద్రపు నీటిని కాచి, ఆవిరి పట్టి, ఆ నీటిని అమ్ముదురు. సముద్రము నడుమ నిలిచి నీటికి వెల చెల్లించు పట్టణ మది! మురుగు పోవు దారి సరిగా లేక రోగములు ప్రబలుచుండెను. ఎన్నియో ఓడలకు నీరును బొగ్గును అందించు రేవునకే త్రాగ నీరు లేదు.

విశ్వేశ్వరయ్యగారు పట్టణమున కూర్చుండి లెక్కలు వేయలేదు. ఎగువ నేలలను పరిశీలించిరి. ఉత్తరమున లహేజ్ సుల్తానుల సీమయందలి కొండలలో వాన కొంత మెరుగుగ కురియును. ఆ నీరు ఏరై పారి, సముద్రము చేరకమునుపే ఇసుకలో ఇంకిపోవును. పైకి ఎండిన ఏరు, లోపల నీరు. సుక్కూరున నేర్చిన పాఠము ఇచ్చట అక్కరకు వచ్చెను. ఆ యేటి ఇసుకలో బావులు త్రవ్వి, ఊరిన నీటిని గొట్టముల ద్వారా పట్టణమునకు తెప్పింపవలెనని వీరు సూచించిరి. మురుగు పారుదలకును ప్రత్యేక పథకము వ్రాసి యిచ్చిరి. మన ఏరులు ఎండినప్పుడు ఇసుకలో చెలమ త్రవ్వి నీరు తెచ్చు మన అవ్వలు, అమ్మలు ఎరిగిన విద్యయే ఇది. దానికి లెక్కను, కొలతను, గొట్టమును చేర్చుట ఇంజనీరు పని.

ఐరోపా నుండి భాగ్యనగరమునకు

1908లో విశ్వేశ్వరయ్యగారు బొంబాయి ఉద్యోగమును విడిచిరి. ఆ శాఖలో అత్యున్నత పదవి భారతీయునకు దక్కని కాలమది. ఉద్యోగము విడిచి ఊరక కూర్చుండక వెంటనే ఐరోపా యాత్రకు బయలుదేరిరి. అచ్చట తిరుగుచుండగనే నైజాము ప్రభుత్వము నుండి పిలుపు వచ్చెను.

1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదున మూసీనది పొంగి, పట్టణమున సగము నీట మునిగి, సుమారు పదునైదు వేలమంది మరణించిరని అంచనా. ఇట్టి ఉత్పాతము మరల రాకుండ ఉపాయము చెప్పవలెనని వీరిని కోరిరి. యాత్ర ముగించుకొని 1909లో వీరు హైదరాబాదునకు వచ్చి, కొన్ని నెలల కాలము అచ్చట నుండి, వరదకు కారణమైన వానల లెక్కలను, పైన తెగిన చెరువుల లెక్కలను సేకరించిరి. మూసీపై ఒకటియు, దాని ఉపనది ఈసీపై ఒకటియు, రెండు పెద్ద జలాశయములు కట్టి, వరదను పట్టణము పైననే పట్టి యుంచవలెనని సలహా యిచ్చిరి. ఆ సలహా ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియయ్యెను. ప్రాణములు తీసిన నీరే దాహము తీర్చు నీ రయ్యెను. తెలుగు నేలకు, పూర్వులు విడిచి వచ్చిన నేలకు, వీరు తీర్చిన ఋణములలో ఇది పెద్దది.

మైసూరునకు తెచ్చిన మూటలు

1909 చివర మైసూరు ప్రభుత్వమున ముఖ్య ఇంజనీరు పదవిని స్వీకరించిరి. 1911లో కావేరిపై కృష్ణరాజసాగరపు కట్టడము ఆరంభమై 1931 నాటికి ముగిసెను. 1912లో నాల్వడి కృష్ణరాజ ఒడెయరువారు వీరిని దివానుగా నియమించిరి. పదవి స్వీకరించుటకు ముందు బంధువులను పిలిచి, తన వలన ఎవ్వరును ఉద్యోగము గాని ఉపకారము గాని కోరరాదని మాట తీసికొనిరని చెప్పుదురు.

ఆరేండ్ల దివానుగిరిలో వీరు చేసిన పనులను చూచిన, ఏ రేవు నుండి ఏ పాఠము వచ్చినదో పోల్చుకొనవచ్చును. 1913లో ప్రాథమిక విద్యను ఎంపిక చేసిన చోట్ల నిర్బంధముగ చేయు చట్టము వచ్చెను. అది జపాను పాఠము. 1913లోనే మైసూరు బ్యాంకు వెలసెను. అది 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోవు వరకు నూరేండ్లకు పైగా ప్రజలకు ఉపయోగపడెను. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము ఏర్పడెను. సంస్థానములలో నెలకొన్న విశ్వవిద్యాలయములలో అదియే మొదటిది. పట్టుపురుగుల పెంపకమునకు విదేశ నిపుణుల సాయము పొందిరి. మన ఆనేకల్లు తాలూకాలో మగ్గముల చప్పుడు వినుచు పెరిగిన పిల్లలకు పట్టు విలువ చెప్పనక్కరలేదు.

శ్రీగంధపు కథ మరింత విచిత్రము. మైసూరు అడవులందలి గంధపు చెక్క అంతవరకు ఓడలకెక్కి జర్మనీ మొదలగు దేశములకు పోవుచుండెను. అచ్చట నూనె తీసి మిక్కిలి వెలకు అమ్ముదురు. చెక్క మనది, లాభము వారిది. 1914లో యుద్ధము రాగా రేవులు మూతపడి, గంధపు చెక్క అమ్ముడుపోక గుట్టలుగా మిగిలెను. ఓడ రానినాడు మన అడవి సంపద మనకే బరువగుట ఆ దినములలో అందరును చూచిరి. బెంగళూరునందలి భారత విజ్ఞాన మందిరపు శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో ఇచ్చటనే నూనె తీయు పద్ధతి సిద్ధమై, 1916లో గంధపు నూనె కర్మాగారము వెలసెను. ఆ నూనె నుండి పుట్టిన మైసూరు శాండల్ సబ్బు నేటికిని మన ఇండ్ల స్నానపు గదులలో నున్నది.

తీరని కోరిక

విశ్వేశ్వరయ్యగారి పనులన్నియు ఫలించినవని యనుకొనరాదు. రేవులెన్నియో చూచిన ఈ మహానుభావునకు తన రాజ్యమునకు ఒక్క రేవైనను లేదను బాధ మిక్కుటముగా నుండెను. నాటి మైసూరు రాజ్యమునకు సముద్రతీరము లేదు. పడమటి కనుమలు దిగిన కడలి దగ్గరనే యున్నది గాని ఆ తీరము బొంబాయి, మద్రాసు ప్రభుత్వముల చేతిలో నుండెను. మైసూరు సరుకు పరుల రైలెక్కి, పరుల రేవు చేరి, పరులకు సుంకము చెల్లించి బయటికి పోవలెను. భట్కళ యొద్ద మైసూరునకు ఒక రేవు ఏర్పరుపవలెననియు, కనుమలు దాటి అచ్చటికి రైలుమార్గము వేయవలెననియు వీరు పట్టుపట్టిరి. లెక్కలు వేయించిరి, ఉత్తర ప్రత్యుత్తరములు నడపిరి. ఆ కోరిక నెరవేరలేదు. 1956లో కన్నడ ప్రాంతములు ఒకే రాష్ట్రమైనప్పుడు భట్కళ తీరము మైసూరు రాష్ట్రమున చేరెను. ఆ దినము చూచుటకు విశ్వేశ్వరయ్యగారు జీవించియే యుండిరి.

దివాను పదవి వదలుట

1918లో వీరు దివాను పదవిని వదలిరి. ఇందుకు ముఖ్యకారణమును మన పిల్లలు దాచుకొనక తెలిసికొనవలెను. ప్రభుత్వోద్యోగములలో ఒక్క వర్ణమువారే నిండి యున్నారనియు, వెనుకబడిన వర్గములకు స్థానము కల్పింపవలెననియు ప్రజలలో ఆందోళన కలిగెను. మహారాజావారు అందుకు సమ్మతించి 1918లో న్యాయమూర్తి మిల్లరుగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. విశ్వేశ్వరయ్యగారు వెనుకబడిన పిల్లలకు విద్యార్థి వేతనములిచ్చి చదివించుటకు అనుకూలురే గాని, ఉద్యోగములను వర్గముల వారీగా పంచుటకు సమ్మతింపలేదు. యోగ్యత తగ్గునని వారి భయము. మహారాజు మాటకు ఎదురు పలుకుచు పదవిలో కొనసాగుట తగదని తప్పుకొనిరి.

ఈ విషయమున కాలము మహారాజావారి పక్షముననే నిలిచెనని చెప్పక తప్పదు. బడి తలుపు తెరచిన మాత్రమున చాలదు. ఆ తలుపు వరకు నడచి రాలేనివారికి చేయి అందింపవలెను. ఆ చేయి అందుకొని చదివిన కుటుంబములు నేడు మన పాఠశాలలోనే ఎన్నియో గలవు. గొప్పవారి గొప్పతనమును చెప్పునప్పుడు వారి అభిప్రాయములన్నిటిని తలదాల్చనక్కరలేదు. అయినను, నమ్మిన దానికొరకు అత్యున్నత పదవిని వదలుకొని, ఒక్క నిష్ఠురపు మాట లేకుండ వెలుపలికి వచ్చిన ఆ నిబ్బరము మెచ్చదగినది.

మరల ఓడపై

పదవి వదలినవారు సామాన్యముగా విశ్రాంతి కోరుదురు. ఏబది యెనిమిదవ యేట విశ్వేశ్వరయ్యగారు కోరినది మరియొక సముద్రయానము. 1919లో బయలుదేరి జపాను, అమెరికా, ఐరోపా దేశములు చుట్టి వచ్చిరి. మొదటి జపాను యాత్రకును దీనికిని నడుమ ఇరువది యేండ్లు గడచెను. యుద్ధము ముగిసిన ప్రపంచము వీరి కన్నుల ఎదుట నిలిచెను. ఆ పరిశీలన ఫలితముగా 1920లో భారతదేశ పునర్నిర్మాణమును గూర్చి ఒక గ్రంథము వ్రాసిరి. 1934లో దేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ ఆవశ్యకమని వేరొక గ్రంథము వ్రాసిరి. స్వతంత్ర భారతమున పంచవర్ష ప్రణాళికలు వచ్చుటకు పదునేడేండ్లు ముందుగా వ్రాసిన మాట అది.

1926లోను, 1935లోను మరల విదేశములకు పోయిరి. 1935నాటి యాత్రలో మోటారుకార్లు తయారగు విధము పరిశీలించుట ముఖ్యోద్దేశము. అప్పటికి వీరి వయస్సు డెబ్బది నాలుగు. భారతీయుడు కారు ఎక్కవలెనే గాని చేయరాదా యని వీరి పట్టుదల. వాల్‌చంద్ హీరాచంద్ గారు 1940లో బెంగళూరున విమాన కర్మాగారమును, తరువాత బొంబాయిలో మోటారు కర్మాగారమును నెలకొల్పుట వెనుక వీరి ప్రోద్బలము కలదు. ఆ విమాన కర్మాగారమే నేటి హెచ్.ఏ.ఎల్. దానిని ఆధారము చేసికొని ఎన్ని వేల కుటుంబములు మన ప్రాంతమున బ్రదికినవో పెద్దలకు తెలియును. 1946లో, ఎనుబది యైదవ యేట, భారత పారిశ్రామికుల బృందమునకు నాయకులై మరియొకమారు విదేశయాత్ర చేసిరి. అది వారి ఆరవ యాత్ర.

విశాఖ రేవు

తెలుగు తీరమున సహజమైన పెద్ద రేవు విశాఖపట్టణము. 1933లో పెద్ద ఓడలకు ఆ రేవు తెరచిరి. మొదట ప్రవేశించిన ఓడ పేరు జలదుర్గ. ఆ రేవు నిర్మించునప్పుడు పెద్ద చిక్కు వచ్చెను. తీరము వెంట కదలు ఇసుక వచ్చి రేవు ముఖమును మూయుచు, అలల తాకిడి తీరమును కోయుచుండెను. అందుకు ఇంజనీర్లు చేసిన ఉపాయము మన పిల్లలకు వింతగా తోచును. పనికిరాని రెండు పాత ఓడలను తెచ్చి, సముద్రమున ముంచి, అలలకు అడ్డుగోడగా చేసిరి. ఓడలకు దారి చూపుటకు ఓడలే గోడలైనవి. ఈ ఉపాయమున విశ్వేశ్వరయ్యగారి సలహా ఉన్నదని తెలుగు నేల యందు నేటికిని చెప్పుకొందురు. మోక్షగుండము ఇంటిపేరు గలవాని పేరు తెలుగువారి రేవు చరిత్రలో ఇట్లు నిలిచియున్నది.

చివరి దినములు

వయస్సు మీరినను వీరి శ్రమ ఆగలేదు. భద్రావతి ఇనుప కర్మాగారము నష్టములలో నున్నప్పుడు 1923 నుండి 1929 వరకు దాని భారము వహించి నిలువబెట్టిరి. ఆ పనికి రావలసిన పెద్ద మొత్తమును తాము తీసికొనక, యువకులకు చేతిపనులు నేర్పు విద్యాలయమునకు ఇచ్చిరి. దానికి తన పేరు పెట్టుటకు సమ్మతింపక, మహారాజావారి పేరు పెట్టించిరి. బెంగళూరు నడుమ నేటికిని నడచుచున్న శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్ అదియే. తొంబది యేండ్లు దాటిన పిమ్మట కూడ, గంగానదిపై మొకామా యొద్ద వంతెన నిర్మించుటకు తగిన చోటు చెప్పుమని ప్రభుత్వము అడుగగా బీహారునకు పోయి చూచి సలహా యిచ్చిరి. 1955లో భారతరత్న బిరుదము వీరిని వరించెను. నూరేండ్లు నిండిన పిమ్మట, 1962 ఏప్రిలు మాసమున బెంగళూరున కన్నుమూసిరి. పుట్టిన ముద్దేనహళ్ళియందే వీరి సమాధి కలదు. నందికొండకు విహారము పోవు విద్యార్థులు అర్ధదినము మిగుల్చుకొని ఆ ఊరు చూచి రావలెనని నా కోరిక.

విద్యార్థులకును, తల్లిదండ్రులకును

మన ఇండ్లలో ఒక సందేహము తరచుగా వినబడును. చుట్టును కన్నడము, ఉద్యోగమునకు ఇంగ్లీషు. ఇంట మాత్రము తెలుగు. ఈ పిల్లలు వెనుకబడుదురేమో యని తల్లులు దిగులుపడుదురు. విశ్వేశ్వరయ్యగారి చదువు తెలుగున సాగలేదు. అయినను వారి జీవితము ఈ సందేహమునకు కొంత సమాధాన మిచ్చును. ఒక భాష తెలియుట మరియొక భాషకు అడ్డు కాదు. ఇంటి నుండి బడికి, బడి నుండి పూనాకు, పూనా నుండి ఏడెనునకు, యొకోహామాకు పోయిన ఆ బాలుడు ప్రతి చోట క్రొత్తవాడే. ప్రతి చోట కొద్దిమందిలో ఒక్కడే. కొద్దిమందిలో ఒకడుగా నుండుట అలవాటైనవానికి ఏ రేవున దిగినను బెదురు కలుగదు. మన పిల్లలకు పుట్టుకతోనే అబ్బిన బల మది. దానిని లోపముగ తలపక, పనికి తెచ్చుకొనవలెను.

మరియొక మాట. నేడు విమానమెక్కిన ఒక్క పగటిలో జపాను చేరవచ్చును. మన ప్రాంతపు యువకు లెందరో కంపెనీ పనిపై దేశదేశములు తిరిగి వచ్చుచున్నారు. తిరిగి వచ్చునప్పుడు అంగడి వస్తువులు తెచ్చుట తప్పు కాదు. కాని, ఆ ఊర నీరు ఎట్లు వచ్చుచున్నది, బడి ఎట్లు నడచుచున్నది, చెరువు ఎట్లు శుభ్రముగ నున్నది అను ప్రశ్నలకు జవాబు కూడ మూటగట్టి తెచ్చువారు మనకు కావలెను. మన చెరువులు నురుగు కక్కుచున్నవి. మన బోరుబావులు ఎండుచున్నవి. ఏడెనున నీరు వెదకిన కన్ను నేడు మన ఆనేకల్లు తాలూకాకే కావలసియున్నది.

విద్యార్థులారా! ఒక చిన్న నోటుపుస్తకము కొనుడు. సెలవులలో అమ్మమ్మ ఊరికి పోయినను, హొసూరునకు పోయినను, చూచిన మంచిని ఒక్కటి వ్రాసికొని రండు. దానిని మన బడిలో, మన వీధిలో ఎట్లు అమలుపరుపవచ్చునో ఆలోచింపుడు. విశ్వేశ్వరయ్యగారి చరిత్ర చదివినందుకు అదియే తగిన ఫలము.